బండికి అమ్మ కుట్టిన సాయబాన్

మా చిన్నప్పుడు... రుద్రారం నుంచి గుట్ట జాతరకు ఎడ్లబండ్లు కట్టుకొని పోయేటోళ్లు. మూడు దినాలు బండి పక్కనే వంట, బండి కిందనే పడక. పోయేది మొగోళ్లు, ముసలోళ్లు, మాలాంటి పోరగాళ్లు. చంటిపిల్లల తల్లులు మాత్రం ఇంటికి కావలి...

ఎందుకంటే ఎండ అట! అదే తల్లి అదే పిల్లను గట్టు మీద పండబెట్టి దినమంతా కూలి చేస్తే ఎవ్వరికీ ఎండ కనబడకపోయేది. నిజాం రాజ్యం పోయి నాలుగైదేండ్లు అయింది గానీ... ఇండ్లల్ల రాజ్యాలు యాడికి పోయినయ్?

ఆ ఏడు మా చెల్లె ఐదు నెలల పిల్ల. "చంటిదాన్ని ఏసుకొని ఎండల యాడ కూసుంటవే? వచ్చే ఏడు పోదువు తియ్" అన్నడు నాయిన. తమ్ముడు పుట్టినప్పుడూ గదే మాట, నేను పుట్టినప్పుడూ గదేనట.

అమ్మ గానుగ కాడికి పోయి, నూనె తీసినంక మిగిలే పల్లి చెక్క నింపే ఖాళీ గోనెబస్తాలు ఆరు తెచ్చింది. ఉతికి, విప్పి, దబ్బనం, సుతిలి పట్టుకొని వారం దినాలు కుట్టింది... ఒక అంచు బండికి, ఇంకో అంచు రెండు వాసాలకు కడితే పెద్ద సాయబాన్. నలుగురు పండొచ్చు దాని నీడల.

నాయిన చుట్టూ తిరిగి చూసిండు. "ఇగ ఏమంట... ఎక్కు."

జాతరల దిగంగనే సాయబాన్ కట్టి, పిల్లనెత్తుకొని నీళ్లకు పోయింది అమ్మ. నేను ఎనక. మేము వచ్చేసరికి నాయిన ఆ నీడల ఎడ్లను కట్టేసిండు... మూడుసార్లు ఉతికినా బస్తాలకు చెక్క వాసన పోలేదని మాకు తెల్వలే, ఎడ్లకు తెలిసింది. సగం సాయబాన్ నమిలేసినయ్.

నాయిన తల గోక్కున్నడు. "ఇగ పిల్లను తీసుకొని మర్లిపోవుడే..."

అమ్మ మూట విప్పింది. దేవుని కాడికి కట్టుకపోదామని నాయిన మడతబెట్టుకున్న కొత్త ధోతి తీసి, తెగిన కాడ కట్టింది.

"అరే, మరి నేనేం కట్టుకోవాలె?"

"వచ్చే ఏడు కట్టుకుందువు తియ్."

నాయినకు నవ్వాగలే. పాత ధోతితోనే మొక్కు చెల్లించిండు పాపం... ఎడ్లను కూడా దూరంగ చింతచెట్టు కిందికి మార్చిండు. అత్తగారింటికి వచ్చినంక అమ్మ చూసిన మొదటి జాతర అది.

ఇప్పుడు పటాన్‌చెరు రోడ్డు మీద పక్కకు నీడ మడతబెట్టుకొని టూర్లు పోయే మోటారు బండ్లు చూస్తున్న. బటన్ ఒత్తితే తెరుచుకుంటదట. మంచిదే... ఆ గోనె వాసన మాత్రం మళ్ల యాడ తగల్లే నాకు.

ఆ రోజులే బంగారం అని రాసేటోళ్లను ఒక్కటి అడుగుత... మీ అమ్మ బండి ఎక్కిందా? ఎక్కితే, ఏం కుట్టి ఎక్కిందో రాయండి...