రెండో కాగితం

నిన్న బ్యాంకులో నా సంతకం కలవలేదు. కౌంటర్‌లో అమ్మాయి నా పాత సంతకాన్నీ, ఇప్పుడు పెట్టినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, "పర్లేదండీ, ఇప్పుడెలా వస్తే అలాగే పెట్టండి. మేనేజరు గారు ధ్రువీకరిస్తారు" అంది. ఇంత చిన్న మాటకి నేను కుర్చీలో కూలబడ్డాను. బీపీ అనుకుని, పాపం, మంచినీళ్లు తెప్పించింది.

బీపీ కాదు, బాబాయి గుర్తొచ్చాడు. మా నాన్న తమ్ముడు. వన్ టౌన్‌లో గుమాస్తాగా ఉంటూ, పెళ్లయిన కొత్తలో పిన్ని బంగారు గాజులు నాలుగూ అమ్మేసి ఏదో కంపెనీ షేర్లు కొన్నాడు. ఆ కంపెనీ కాస్తా మూతపడిందన్నారు. ఇక చూడండి మా వాళ్ల వేళాకోళం! ఏ పెళ్లి బంతిలో కూర్చున్నా మా నాన్న, "షేర్ల రాజావారికి ఇంకో గారె వెయ్యండయ్యా, ఇంట్లో అమ్మడానికి గాజుల్లేవు" అని అరిచేవాడు. బంతి బంతంతా నవ్వేది. మట్టిగాజుల చేతులతో పిన్ని నాకు నెయ్యి వడ్డిస్తుంటే నేనూ నవ్వాను.

నాలుగేళ్ల కిందట, ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల కొట్టున్న మా తమ్ముడు ఫోన్‌లో వెతికి, ఆ కంపెనీ ఒక పెద్ద కంపెనీలో కలిసిపోయిందనీ, బాబాయి కాగితాలు ఇప్పుడు లక్షలు చేస్తాయనీ కనిపెట్టాడు. అంతే, రాత్రికి రాత్రి ఆయన 'బాబాయి గారు' అయిపోయాడు. పిల్లల్లేని మనిషి కదా, చివరికి మాకే వస్తుందని మా లెక్క. ఆయన మాత్రం ఒకటే అన్నాడు: "ముందు మీ పిన్నికి ఆ నాలుగు గాజులూ చేయించాలిరా. వేసుకుంటే నా కళ్లతో చూడాలి."

షేర్ల కోసం ఆయన చేత పెట్టించిన దరఖాస్తు, కంపెనీ వాళ్ల ఉత్తరంతో సహా తిరిగొచ్చింది. సంతకం కలవలేదట. పక్షవాతం తగిలిన డెబ్బై ఎనిమిదేళ్ల చెయ్యి పాతికేళ్ల కుర్రాడి సంతకం ఎలా పెడుతుంది? పెట్టి తీరాల్సిందే అన్నాను. రిటైరైన లెక్కల మాస్టారిని, నాకు తెలిసిన దారి ఒకటే. నాలుగు గీతల పుస్తకం కొని, పాత సంతకం జెరాక్సు పైన అతికించి, రోజూ పొద్దున్నే వాళ్లింటికెళ్లి కూర్చోబెట్టేవాణ్ణి. ఇరవై సంతకాలు పూర్తయితేగానీ కాఫీ లేదు. "తోక సరిగ్గా తిప్పు బాబాయ్, చిన్నపిల్లాడివా?" అని కసిరేవాణ్ణి. పిన్ని గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. కాఫీ చల్లారిపోయేది. మొదటిరోజే ఆయన అడిగాడు, "ఒరేయ్, ఆ ఉత్తరానికి రెండో కాగితం కూడా ఉంది కదరా, చదివావా?" అని. "చదివేదేముంది? ముందు నువ్వు చెయ్యి కదుపు" అన్నాను. ఏడు నెలల్లో పదకొండు పుస్తకాలు నింపాడు. పన్నెండోది మొదలుపెట్టిన వారానికి పోయాడు.

పెద్దకర్మ అయ్యాక, కాగితాలు పిన్ని పేరుకి మార్చడానికి ఫైలు విప్పితే ఆ రెండో కాగితం కనబడింది. సంతకం మారితే ఇప్పటి సంతకమే బ్యాంకు మేనేజరు చేత ధ్రువీకరింపజేసి పంపితే చాలని రాసుంది. ఒక్క పూట పని.

డబ్బు పిన్ని పేరున వచ్చింది. ఆవిడని అడక్కుండానే గాజులు నాలుగూ చేయించి పట్టుకెళ్లాను. పిన్ని పెట్టె మూత తీసి, చూసి, మూసి, తిరిగి నా చేతిలోనే పెట్టింది. "ఆయనుండగా తేవాల్సిందిరా. ఇప్పుడెందుకూ? కూర్చో, కాఫీ తాగెళ్లు" అంది. పొగలు కక్కే కాఫీ ఇచ్చింది. సిగ్గులేకుండా తాగాను.

నిన్న మేనేజరు గారి ముందు నా చెయ్యి అచ్చం బాబాయి చెయ్యిలాగే వణికింది. ఇంట్లో నాకింకా ఎవరూ కాఫీ ఆపలేదు. ఆ రోజుకి ఇంకెంత టైముందో.