రేణుక విప్పిన చుట్లు

కొడకండ్లలో మోటరు వైండింగు చేసే రేణుక ఒక్కచోట కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. రాగితీగ చుడుతూ చుడుతూ లేచి వెళ్లి ఇంకో మోటరు మూత విప్పుతుంది. అది సగంలో ఉండగానే వాకిట్లోకి వచ్చి ఎండలో ఆరుతున్న కాయిళ్లను తిరగేస్తుంది. జనగామ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివినప్పుడు ఆ బ్యాచిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. తర్వాత హైదరాబాదులో ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో రెండేళ్లు చేసింది. రోజంతా ఒకే కొలత కాయిలు చుట్టలేక, ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా తీసుకోకుండా బస్సెక్కి వచ్చేసింది. అప్పటికి తండ్రి కట్టయ్యకు చూపు మందగించింది. షాపు మూసేద్దామనుకుంటున్నాడు. "నువ్వు మూసుడేంది నాయినా, నేను నడుపుత" అంది. పెళ్లి మాట ఎత్తినవాళ్లకు మాత్రం అవుననీ కాదనీ చెప్పలేదు. వాళ్లే విసిగి మానుకున్నారు. ఇప్పుడామెకు నలభై రెండేళ్లు.

యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజుల్లో, పంపు మోటర్లు వరసగా కాలిపోతున్నప్పుడు, ఒక ఉదయం డోర్నకల్ నుంచి జగపతి వచ్చాడు. రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా రిటైరైన డెబ్బై నాలుగేళ్ల మనిషి. చేతిసంచిలోంచి తువ్వాల మూట తీసి, విప్పి, లోపలి వస్తువును బల్ల మీద పెట్టాడు. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత ఉంది. మధ్యలో మేకుల్లాంటి పది అయస్కాంతాలు, వాటి చుట్టూ తీగ.

"ఏందిది బాపూ?"

"గిటారుది బిడ్డా. పికప్ అంటరు. పైన తీగె కదిలితే గిది దాన్ని కరెంటు చేస్తది. ఆ కరెంటు స్పీకర్లకు పోతెనే పాట. లోపల ఎక్కడ్నో తెగింది. రెండేండ్ల సంది నోరు లేదు."

రేణుక మీటరు పెట్టి చూసింది. ముల్లు కదలలేదు. తీగ కొసను గోటితో లేపింది. అది తలవెంట్రుకకన్నా సన్నంగా ఉంది. పంపు మోటర్లకు ఆమె చుట్టే తీగ దాని పక్కన తాడులా కనిపించింది.

"ఇంకెవలికి చూపెట్టినవ్?"

"మానుకోటల ఇద్దరికి, తొర్రూర్ల ఒకాయనకు. అందరు నవ్విండ్రు." తువ్వాల మడతపెడుతూ అన్నాడు. "ఇంకోటున్నది. పాత వాయిద్యాలు కొనేటాయన హైదరాబాదుల ఉన్నడు, రాజీవ్ అని. గిటారు ఎట్లున్నది అట్లనే ఇస్తే మూడు లక్షలిస్తనన్నడు. తీగె మారిస్తే అండ్ల సగం గూడ ఇయ్యనన్నడు."

రేణుక మీటరు పక్కన పెట్టింది. "మోగకుంటె ఎక్కువ, మోగితే తక్కువనా?"

"కంపెనీల చుట్టిన తీగెకే విలువనట. నా బిడ్డ కల్యాణి కూడా అమ్మేయమనే అంటున్నది. మోకాలు ఖరాబై నేను ఆమెకాడికి, మానుకోటకు పోవాలె. గా ఇంట్ల దానికి జాగ లేదు. కానీ ఒక్కసారి వినాలె బిడ్డా. పైసలు తగ్గితె తగ్గనీ."

అది పెడల్ స్టీల్ గిటారు. ఒడిలో పెట్టుకుని వాయించేది కాదు. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబడుతుంది. పైన పది తీగలు. ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతుంటే, కింద పాదాలూ మోకాళ్లూ మీటలు నొక్కుతాయి. నొక్కగానే తీగలు సాగి, స్వరం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుతుంది. నలభై ఏళ్ల కిందట డోర్నకల్ చర్చి బడిలో సంగీతం నేర్పడానికి వచ్చిన ఒక విదేశీయుడు దాన్ని వెంట తెచ్చుకున్నాడు. అందరూ ఆయన్ను పాటల సారు అనేవాళ్లు. ఒకసారి మీటలు పట్టేస్తే, సిగ్నళ్లు బాగుచేసే మనిషున్నాడని జగపతిని పిలిపించారు. అడుగున వంగి చూసిన జగపతికి నవ్వొచ్చింది. కడ్డీలు, క్రాంకులు, స్ప్రింగులు, అన్నీ తన సిగ్నల్ క్యాబిన్‌లోవే, బొమ్మలంత చిన్నవిగా. సాయంత్రాలు వెళ్లి నేర్చుకున్నాడు. జబ్బుచేసి తన దేశం వెళ్లిపోతూ పాటల సారు దాన్ని ఆయనకే ఇచ్చేశాడు.

రేణుక ఒప్పుకుంది. ఒప్పుకున్న రోజు నుంచి ఆమెకు నిలకడ లేదు. మర్నాడే హైదరాబాదు వెళ్లి కోఠిలో షాపులన్నీ తిరిగి సన్నతీగ కట్ట పట్టుకొచ్చింది. పాత తీగను విప్పుతూ, తెగిన ప్రతిచోటా ఆగి, చుట్ల లెక్క సుద్దముక్కతో గోడ మీద రాసుకుంది. మూడో రోజుకు తొమ్మిది వేల చిల్లర చుట్లు పూర్తయి అడుగు కనిపించింది. అక్కడ, మొదటి చుట్టు కింద, నీలం గుడ్డపట్టీ ముక్క ఉంది. దాని మీద సగం చెరిగిన ముద్ర. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ఎస్‌సీఆర్. దక్షిణ మధ్య రైల్వే!

వెంటనే ఫోను చేసింది. "బాపూ, గిది కంపెనీ తీగె కాదు. ఇంతకుముందే ఎవలో ఇప్పి చుట్టిండ్రు. రైల్వే పట్టీ ఉన్నది లోపల."

పట్టీ రంగేమిటని అవతలి నుంచి రెండుసార్లు ప్రశ్న వచ్చింది. తర్వాత జగపతి మెల్లగా అన్నాడు. "అమర్‌సింగ్. మా రిలే రూముల సిగ్నళ్ల కాయిళ్లు చుడుతుండె. పాటల సారు ఆయనతోని చానా దోస్తీ చేసిండు. నాకైతె ఎవలు చెప్పలే." అంతలోనే అడిగాడు. "అంటె నేనిన్నేండ్లు విన్నది రిలే తీగెనా?"

"అట్లనే ఉన్నది."

"మరి గా రాజీవ్ మూడు లక్షలు దేనికిస్తనన్నట్టు?" ఆయన గొంతులో నవ్వూ ఉంది, బెంగా ఉంది. ఆ సాయంత్రమే రాజీవ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

కొత్త తీగ చుట్టడం మొదలుపెడితే నాలుగు వేల దగ్గర తెగింది. రెండోసారి ఏడు వేల దగ్గర. ఫ్యాను గాలికి తెగుతోందని ఫ్యాను ఆపింది. ఊపిరి బిగబట్టి చుట్టింది. ఇంతలో తండా నుంచి చాంద్యా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అతని మోటరు వచ్చి నాలుగు రోజులైంది.

"అక్కా, మడి నెర్రెలు వాస్తాంది. గీ ఎంటికె అంత తీగెతోని ఎవల పొలం పారుతది?"

రేణుక ముఖం కందిపోయింది. "నాదే తప్పు అన్నా. ఇయ్యాల్నే ఇస్త." పొద్దుగూకేలోపు మోటరు కట్టి, ఆటోలో తనే వెంట వెళ్లి, నీళ్లు పోసేదాకా బోరు దగ్గర నిలబడింది. తర్వాత రెండు రోజులు ఉన్న మోటర్లన్నీ పూర్తిచేసింది. అప్పుడే మళ్లీ సన్నతీగ ముట్టుకుంది. కొత్త తీగ పాతదానికన్నా సన్నం కాబట్టి చుట్లు పూర్తయ్యాక ఇంకా జాగా మిగిలింది. ఇంత కష్టపడ్డాక కాస్త గట్టిగా మోగాలని ఆశపడి, ఇంకో వెయ్యి చుట్టింది.

తొర్రూరు దాకా బస్సు, మానుకోట దాకా ఇంకో బస్సు, అక్కణ్ణుంచి రైలు. డోర్నకల్‌లో దిగేసరికి ఉదయం పది. జగపతి ఇంటి ముందుగదిలో కల్యాణి సగం సామాను మూటలు కట్టేసి ఉంచింది. మిగిలిన జాగాలో గిటారు నిలబడి ఉంది. రేణుక పికప్ బిగించి టంకం పెట్టింది. జగపతి కూర్చుని, వేళ్లకు తీగలు మీటే లోహపు గోళ్లు తొడుక్కుని, కడ్డీ జరిపాడు.

మోగింది! కల్యాణి చేతిలోని చీరల మూట వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. కానీ జగపతి రెండు వరుసలు వాయించి ఆపేశాడు.

"మంచిగనే ఉన్నది" అన్నాడు, రేణుక వైపు చూడకుండా.

"నిజం చెప్పు బాపూ."

"దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టున్నది."

చుట్లు పెరిగితే శబ్దం పెరుగుతుంది, మొద్దుబారుతుంది కూడా. తన ఆశే దాని గొంతు మూసింది. పికప్ దింపి, వంద చుట్లు విప్పి, మళ్లీ టంకం పెట్టి బిగించింది. "వాయించు." ఇంకో వంద. "వాయించు." కల్యాణి అన్నం తినమని రెండుసార్లు పిలిచింది. ఇద్దరూ లేవలేదు. ఐదు వందల దగ్గర కొంచెం తేటపడింది. ఎనిమిది వందల దగ్గర జగపతి కళ్లు మూసుకున్నాడు. పదకొండు వందలు విప్పాక ఆయన కడ్డీని చివరిదాకా జరిపి, ఎడమ మోకాలితో మీట నొక్కాడు. నొప్పికి పెదవి కొరుక్కున్నా మీట వదలలేదు. స్వరం గరగర లేకుండా పైకి వెళ్లి, అక్కడ సన్నగా వణుకుతూ నిలిచింది. ఎవరో పిలవాలని వచ్చి పిలవకుండా ఆగిపోయినట్టుంది అది.

"గిదే" అన్నాడు.

"ఇంకో యాభై ఇప్పుతె ఇంకా తేటగ అయితదేమో."

"వద్దు బిడ్డా. ఇప్పినంక మళ్ల రాదు."

ఆమె వేళ్లు తీగ కొస దగ్గరే తచ్చాడాయి. బలవంతాన చేయి వెనక్కి తీసుకుంది.

వారం తర్వాత రాజీవ్ వచ్చి విన్నాడు. రేణుక ఇచ్చిపోయిన పాత తీగ, రైల్వే పట్టీ ఉన్న ప్లాస్టిక్ కవరును వెలుతురుకెత్తి చూసి, "మీరు చెప్పకపోతే నేను మోసపోయేవాణ్ణి" అన్నాడు. లక్షా ఇరవై వేలకు మాట్లాడుకున్నారు. కొన్నవాళ్లు వాయించేవాళ్లయి ఉండాలని జగపతి ఒకే షరతు పెట్టాడు. రాజీవ్ బెంగళూరులోని ఒక వాద్యకారిణికి ఇచ్చాడు.

ఆ సంగతి ఫోనులో వినగానే రేణుకకు కోపం వచ్చింది. "అంత కష్టపడి మోగిస్తే అమ్ముకుంటివి గద బాపూ!"

"మోకాలు మీటలు నొక్కనిస్తలేదు బిడ్డా. మూగదాన్ని అమ్మబుద్ధి గాలే. ఇప్పుడైతె దానికి నోరున్నది, పోయిన కాడ బతుకుతది. నాదేంది, గా పొద్దు కడుపునిండ విన్న."

ఆమె ఫోను పెట్టేసింది. ఆ జవాబు ఆమెకు సరిపోలేదు. షాపులో మోటరు నడిపి చూస్తున్నప్పుడల్లా ఆ హోరులో ఏదో స్వరం వెతుకుతోంది, ఈ మోటరు ఆ మోటరుకన్నా బొంగురని కట్టయ్యతో అంటోంది. ఆయన నవ్వి ఊరుకుంటున్నాడు.

వానలు పడి పని తగ్గాక, షాపు వెనక ఒక టేకు చెక్కకు గిటారు తీగ ఒకటి బిగించి, కింద తన సొంత కాయిలు పెట్టింది. వీధిలో చదువుకునే పిల్లల దగ్గర పాత స్పీకరు అడిగి తెచ్చుకుంది. ఉక్కు కడ్డీకి బదులు బేరింగు షాఫ్టు ముక్క. మొదటిది గీపెట్టింది. రెండోది నంగిగా పలికింది. మూడోదాంట్లో ఒక్క నిమిషం ఏదో వినిపించినట్టే అయి మాయమైంది. ఎరువుల కోసం ఊళ్లోకి వచ్చిన చాంద్యా, ఆ చప్పుడు విని లోపలికి తొంగి చూశాడు.

"మంచిగనే మోగుతాంది గదక్కా!"

"ఏం మంచిగ? జర గా కత్తెర అందుకో అన్నా" అంటూ రేణుక మళ్లీ చుట్లు విప్పడం మొదలుపెట్టింది.