ఖాళీ సీట్లకు టికెట్లు

2006 వేసవిలో నన్ను అసిస్టెంట్ మేనేజర్ (ట్రాఫిక్) హోదాలో ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెలకు బస్సులు నడిపే ఒక డిపోకు బదిలీ చేశారు. ఏ బస్సు ఏ వేళకు ఏ ఊరికి పోవాలో, ఏది ఆగిపోవాలో పరిశీలించి పై అధికారులకు సిఫారసు చేయడం నా పని. మా నాన్న కిరాణా దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరం తెగేదాకా కదలను. పెళ్ళిచూపులకు వెళ్ళేటప్పుడు నోరు విప్పొద్దని మా అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది.

హైదరాబాద్ చుట్టూ భూమి ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా ఉన్న రోజులవి. పొలానికి అడ్వాన్సు అందిన ఇంటి ముందు మొదట నిలిచేది మోటార్ సైకిలు. దాంతో పల్లె బస్సులు పలచబడ్డాయి. మా కొలమానం ఆక్యుపెన్సీ రేషియో. సీట్లన్నీ నిండితే ఎంత రావాలి, నిజంగా ఎంత వచ్చింది అన్నది పోల్చి కట్టే లెక్క అది. అందులో తలలు లెక్కపెట్టరు. టికెట్ల రాబడి చూస్తారు.

శేరిగూడ దాటి బాగా లోపలికి ఉన్న ఒక ఊరి పొద్దుటి ట్రిప్పుకు ఈ రేషియో సగానికి కూడా రాలేదు. రద్దుకు రాసేముందు ఊరివాళ్ళతో మాట్లాడడం మా పద్ధతి. పంచాయతీ ఆఫీసు ముందు మగవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. బండ్లున్నాయి కదా. రావిర్యాల వైపు ఇళ్ళు కట్టే పనులకు కూలికి పోయే సాయమ్మ ఒక్కతే ముందుకు వచ్చింది. ఆమె పనికి పోయేదీ, కూతురు స్వప్న డిగ్రీ కాలేజీకి పోయేదీ ఆ బస్సు మీదే. అట్లాంటి పిల్లలు ఆ ఊళ్ళో ఇంకొందరున్నారు.

“బస్సు బంద్ జేస్తే మా పిల్లల సదువు బంద్ అయితది సార్. ఆటోల మీద ఆడపిల్లలను తోలుతరా ఎవలన్న?” అంది.

నాలోని దుకాణదారుడు లేచాడు. “దసరా దాకా ఆగుతాను. ఆలోపు సీట్లు నిండాలి,” అన్నాను. ఆమె “అవ్, నిండుతయ్” అంది. గట్టి బేరమే చేశానని మురిసిపోయాను.

తర్వాతి నెల రేషియో పెరిగింది. ఆ పై నెల ఇంకా పెరిగింది. నాకు అనుమానం వచ్చి, ఒక పొద్దున మధ్య దారిలో బస్సు ఆపి తనిఖీకి ఎక్కాను. మా తనిఖీల్లో దొరికేది ఎప్పుడూ టికెట్ లేని మనిషే. ఆ రోజు మనుషులు లేని టికెట్లు దొరికాయి. బస్సు సగం ఖాళీ. కండక్టర్ యాదయ్య తల గోక్కుంటూ, “ఎక్కినోళ్ళే పక్క సీట్లకు సుత కొంటున్నరు సార్. వద్దంటె నన్నే తిడుతున్నరు,” అన్నాడు.

కూతురి పక్కన కూర్చున్న సాయమ్మను అడిగాను.

“నువ్వే అన్నవ్ గద సార్, సీట్లు నిండాలని. మనుషులు కూసోవాలని అన్నవా?”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నన్ను బేరంలో ఓడించిన మనిషి మా ఆవిడ తర్వాత ఆమే. టికెట్ కొని ప్రయాణం చేయకపోవడం ఏ నిబంధన ప్రకారమూ నేరం కాదు. ట్రిప్పు కొనసాగించవచ్చని రాశాను.

ఆ చలికాలంలోనే నగరంలో ఒక సదస్సుకు పంపారు. పేద దేశాల్లో పొగ తగ్గిస్తూనే అభివృద్ధి సాధించడం ఎట్లా అన్నది విషయం. నిండిన బస్సు ఒకటి ఎన్ని మోటార్ సైకిళ్ళను రోడ్డు మీదికి రాకుండా ఆపగలదో బొమ్మలు వేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఆర్డరు ఉంది: డీజిల్ ఖర్చు పెరిగినందున పల్లె సర్వీసులన్నిటికీ ఉండాల్సిన కనీస రేషియో హద్దు పెంచారు. ఆ హద్దు అందుకోవడం ఇక సాయమ్మ వాళ్ళ కూలి డబ్బులకు సాధ్యం కాదు. వేళ మార్చి చూస్తామని, వారానికి నాలుగు రోజులైనా నడుపుతామని పైవాళ్ళతో బేరమాడాను. అక్కడ నా బేరం సాగలేదు, ట్రిప్పు రద్దయింది.

ఆఖరి రోజు ఆ బస్సులో నేనూ ఉన్నాను. సాయమ్మ తనకొకటి, కూతురికొకటి టికెట్ తీసుకుంది. యాదయ్య అలవాటుగా మరో రెండు చింపబోయాడు.

“ఇగ వద్దు తమ్మీ. ఖాళీ సీటు సదువుకుంటదా?” అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఏడాది తర్వాత ఇబ్రహీంపట్నం అంగట్లో సాయమ్మ కనిపించింది. స్వప్న గురించి అడిగాను. “ఇంట్లనే ఉన్నది సార్. సంబంధాలు చూస్తున్నం. అప్పుజేసి బండి కొన్నం గని, దాని మీద మా పెద్ద కొడుకు పనికి పోతడు,” అంది. నా మీద కోపమేమీ చూపలేదు. చిక్కుడుకాయల ధర ఎక్కువ చెబుతున్నాడని అమ్మేవాడి మీద చూపింది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. సదస్సులో విన్నట్టు కొత్త రకం బస్సులు కొని పొగ తగ్గించే ఆలోచన మంచిదే. కానీ నడుస్తున్న బస్సును ఆపకపోవడం దానికంటే ముందు చేయాల్సిన పని. బస్సు ఆగిన ఊళ్ళో బండ్లు పెరుగుతాయి. బండి అందనివాళ్ళు ఇంట్లో ఉండిపోతారు. తర్వాత మళ్ళీ బస్సు వేసినా ఎక్కేవాళ్ళు ఉండరు. మా నాన్న ఉప్పు మీద ఎన్నడూ లాభం చూడలేదు. ఉప్పు దొరకని దుకాణానికి జనం రారని ఆయనకు తెలుసు.