కొనని లెన్సుకు వంద వంకలు

కాశీవిశ్వనాథం మాస్టారికి లెన్సు బేరమాడటమంటే ప్రాణం, కొనడానికి మాత్రం చేతులు రావు. ప్రతి మంగళవారం ప్రొద్దుటూరులో గోపీకృష్ణ కెమెరాల అంగడి మెట్లెక్కుతారు. దూరాన ఉన్న పక్షుల్ని దగ్గరికి లాగే జూమ్ లెన్సు చవకలో కావాలంటారు. ఉన్నవన్నీ బయటికి తీయించి, అన్నిటికీ వంక పెట్టి, చల్లగా దిగిపోతారు.

మొదట్లో గోపీకృష్ణ హుషారుగా మూడొందల మిల్లీమీటర్ల లెన్సు చేతికిచ్చాడు. ఎదురుగా బట్టల అంగడి బోర్డు మీద కాకి వాలి ఉంది. మాస్టారు గురిపెట్టారు.

"ఏందప్పా ఇది? కాకి పిచ్చుక మాదిరి కనపడతాంది."

"అయితే ఈ ఆరొందలది చూడండి సార్. కాకి కంట్లో నలుసు గూడా కనపడతాది."

చూశారు. కనపడింది. అయినా మొహం చిట్లించారు. "దీన్ని ఎత్తుకోని గండికోట బండల మింద తిరిగితే, నన్ను నలుగురు మోసుకోని రావాల్సొస్తాది."

అంతటితో ఆగారా? బరువెంతో తేలాల్సిందేనని పక్కనున్న బంగారం అంగడికి పట్టుకుపోయి త్రాసులో పెట్టించారు. అంగడి యజమాని శ్రీనివాసులు శెట్టి కళ్ళద్దాలు సవరించుకుని, "తరుగెంత ఎయ్యమంటారు సార్?" అన్నాడు.

ఇంకోసారి ఎవరో వాడి అమ్మిన లెన్సు చవకగా దొరికింది. మాస్టారు టార్చి వేసి అద్దాల్లో బూజు కోసం వెతికారు. బూజు లేకపోయేసరికి డీలాపడ్డారు.

"ఇంత బాగుండేదాన్ని ఎవడన్నా ఎందుకమ్ముకుంటాడప్పా? ఏందో మతలబుంది."

గోపీకృష్ణ భార్య శ్రీవాణి పులివెందులలో టీచరు. కూతురితో అక్కడే ఉంటుంది. రోజూ ఫోన్ చేస్తుంది.

"పొద్దున్నించి ఎవరన్నా వచ్చినారా?"

"మాస్టారొచ్చినాడు."

"కొన్న్యాడా?"

"కాకిని చూసిపోయినాడు."

"ఆ అంగడి మూసేసి ఈడికి రాగూడదా? ఒక్కడివే కూర్చోని ఆడేం చేస్తాండావు?"

జనం ఫోన్లలోనే ఫొటోలు తీసుకోవడం మొదలయ్యాక, నాన్న పెట్టిన ఆ అంగడిలో గోపీకృష్ణ గాజు అరలు తుడుస్తాడు, తుడిచినవే మళ్ళీ తుడుస్తాడు. ఒక్కోరోజు మధ్యాహ్నం దాకా నోరు విప్పే పనే పడదు. మనిషి గొంతు వినక చెవులు చిన్నబోతాయి. నెలాఖరుకు మూసేద్దామనే నిర్ణయించుకున్నాడు. ఆలోగా మాస్టారు ఒక్క లెన్సయినా కొంటే గౌరవంగా తాళం వేయొచ్చని ఆశ.

ఆ మంగళవారం కూడా మాస్టారు లెన్సు అటూ ఇటూ తిప్పి, "తెల్లారగట్ల మసక వెలుతుర్లో ఇది పనికొస్తాదంటావా?" అన్నారు. గోపీకృష్ణకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది.

"కొనేదుంటే కొనండి సార్! లేకుంటే నా పొద్దు పాడుచేయాకండి!"

మాస్టారు లెన్సుకు మూత బిగించి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

మరుసటి మంగళవారం రాలేదు. పీడ వదిలిందనుకున్నాడు గోపీకృష్ణ. సాయంత్రానికి ఆ పీడ కోసమే వీధిలోకి తొంగి చూస్తున్నాడు. ఎదుటి బోర్డు మీద కాకి వాలితే, చూపించడానికి మనిషి లేడే అని దిగులేసింది.

మర్నాడు జమ్మలమడుగు నుంచి మైమూన్ అనే బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. ఆరొందల లెన్సు ఎత్తి చూసి, బిల్లు రాయమంది.

"చేత్తో పట్టుకోని చూడంది లెన్సు కొనొద్దని, చూసేదానికి మీ అంగడికే పొమ్మని విశ్వనాథం సార్ చెప్పినాడన్నా. గండికోటలో తన లెన్సుతోనే నాకు గద్దను చూపిచ్చినాడు."

"తన లెన్సా? ఆయనకు లెన్సు యాడిదమ్మా?"

"అదేందన్నా, అచ్చం ఇట్లాంటిదే! శానా ఏండ్లుగా వాడతాండాడు."

గోపీకృష్ణ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆమధ్య కెమెరాలు కొన్న దువ్వూరు పెళ్ళివాళ్ళూ, వేంపల్లె బడివాళ్ళూ "సార్ పంపినాడు" అనే వచ్చారు. ఏ సారో అనుకుని ఊరుకున్నాడు తను.

సాయంత్రం మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. భార్య పోయాక ఆయన ఒంటరిగా ఉంటున్నారు. హాలులో ఒకటే కుర్చీ. బల్ల మీద లెన్సు దర్జాగా నిలబడి ఉంది. మాస్టారు గబగబా దాని మీద తువ్వాలు కప్పారు. తువ్వాలు చాలలేదు.

"ఎందుకు సార్ ఇదంతా?" అన్నాడు గోపీకృష్ణ.

మాస్టారు దొరికిపోయిన దొంగలా నవ్వారు. "ఒకపొద్దు మీ అంగడి ముందర పోతా చూసినా. నీలో నువ్వే మాట్లాడుకుంటా అద్దాలు తుడుస్తాండావు. ఊరికే వచ్చి కూర్చుంటే జాలిపడి వచ్చినాననుకుంటావు. కొనేవాడి మాదిరి వస్తే నోరన్నా తెరుస్తావు గదా." జారిన తువ్వాలు సర్దుతూ, "ఈడ నాతో మాట్లాడేవాళ్ళు మాత్రం ఎవరుండారప్పా?" అన్నారు.

గోపీకృష్ణ ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, తను గడప మీద చతికిలబడ్డాడు.

"ఈ ఆదివారం గండికోటకు పోదాం సార్. ఆ పొద్దుకు అంగడికి తాళమేస్తా."

మాస్టారు కంగారుపడ్డారు. "తాళమేస్తే ఎట్లప్పా? గిరాకీ వస్తేనో?"

"ఉండే గిరాకీ నా స్కూటరెనకాల కూర్చోనుంటాడు గదా సార్!"