చిటికెన వేలితో తెరుచుకునే ఫోను

పిల్లలకు గాజులు కొనుక్కుని ఇంటికి తిరిగొస్తుంటే, బస్సు నందికొట్కూరు దాటగానే పెద్దపిల్ల ఫోనులో పాటలు పెట్టమంది. సంచిలో చెయ్యి పెట్టాను. పాలసీసా తగిలింది, తువ్వాలు తగిలింది, అడుగున కొత్త గాజుల పొట్లం తగిలింది. ఫోను తగల్లేదు. ఒళ్లో నిద్రపోతున్న చిన్నదాన్ని ఎత్తి చూశాను. వంగి సీటు కింద చూశాను.

ఫోను ఖరీదు గుర్తుకు రాలేదు. అందులో పిల్లల ఫొటోలున్నాయి. నలుగు పెట్టి నీళ్లు పోసేటప్పుడు ఒంటిమీద నూలుపోగు లేకుండా నవ్వుతున్నవీ ఉన్నాయి. వాటిని ఎవడో తీరిగ్గా కూర్చుని చూస్తాడన్న ఊహ రాగానే సంచిని మళ్లీ అడుగుదాకా వెతికాను.

దానికి లాక్ లేదని నా భయం. మా ఇంట్లో అప్పుడు విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. ఒలిచి ఒలిచి మా అత్త బొటనవేలు నున్నగా అరిగిపోయి, ఫోను దాన్ని గుర్తుపట్టడం మానేసింది. అంకెలేమో ఆమెకు గుర్తుండవు. బద్వేలులో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడాలన్నప్పుడల్లా నన్ను పిలవాలి. అందుకని పగలు లాక్ తీసేసి, రాత్రికి మళ్లీ పెట్టేదాన్ని. ఆ పొద్దున కూడా తీశాను. పెట్టకుండానే బస్సెక్కాను.

పక్క సీటు పెద్దాయన తన ఫోను ఇచ్చాడు. నా నంబరుకు చేస్తే మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. చిన్నది లేస్తుందని శబ్దం నేనే తీసేశాను. మా ఆయనకు చేశాను. నా గూగుల్ ఖాతా ఆయన ఫోనులోనూ ఉంది కాబట్టి పోయిన ఫోను యాడుండాదో అందులో చూస్తానన్నాడు. బస్సులో అందరూ వింటున్నారు, ఫొటోల సంగతి నోరు విప్పి చెప్పలేకపోయాను. “ఊరికే ఏడ్చొద్దమ్మా, పోయింది ఫోనే గదా” అన్నాడు పెద్దాయన.

కాసేపటికి పెద్దాయన ఫోనుకే మా ఆయన చేశాడు. మ్యాపులో మేము గాజులు కొన్న అంగడి దగ్గర కనబడిందట. తన ఫోను నుంచే మోగిస్తే, శబ్దం తీసేసినా గట్టిగా మోగిందట. పిల్లకు గాజులు తొడిగించేటప్పుడు రెండు చేతులూ కావాలని ఫోను పక్కన పెట్టాను, అది గాజుల తోరణాల కింద చేరింది. మోత విని అంగడి ఆమె తీసిందట, కాసేపటికి తెర మీద మా ఆయన తెలుగులో పంపిన సందేశం, నంబరు కనిపిస్తే ఆయనకు ఫోను చేసిందట.

“ఎవురిదో చూద్దామని, నేను పంపింది రాకముందే తెరవబోయిందంట. ఫోను వేలు పెట్టమనిందంట” అన్నాడు.

“లాక్ తీసేసి వచ్చినా గదా.”

“నువ్వు పిల్లలకు జడలేస్తాంటే అమ్మ నాతో మళ్లా లాక్ పెట్టించింది. చిటికెన వేలితో.”

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలియలేదు. నా ముఖం చూడకుండా పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు.

సాయంత్రం మా ఆయన బండి మీద పోయి తెచ్చాడు. అంకెలు కొట్టి తెరిచి చూపిస్తే గానీ అంగడి ఆమె చేతికియ్యలేదట. ఆ మాట విని నాకు మరింత నిబ్బరం కలిగింది. మా అత్త చాట ముందేసుకుని కాయలు ఒలుస్తోంది. నాతో ఒక మాట చెప్పకపోయావే అన్నాను.

“చెప్పనీకి నువ్వు యాడ నిలబడినావు? ఒలిచేటప్పుడు అన్ని వేళ్లూ పనిచేస్తాయి, ఇదొక్కటే సోంబేరి. అరగలేదు. దీన్నీ పనికి పెట్టినా” అంటూ చిటికెన వేలు ఎత్తి చూపించింది.

పిల్లలు పడుకున్నాక ఆ ఫొటోలన్నీ ఒకసారి చూశాను. ఒక్కటీ తీసెయ్యబుద్ధి కాలేదు.

పొద్దున లేస్తూనే పెద్దది తన వేలు కూడా ఫోనులో ఎక్కించమని పట్టుబట్టింది. ఇద్దరినీ కూర్చోబెట్టాను, చిన్నదానికి ఏమీ అర్థం కాకపోయినా. “దీన్లో మీరు నీళ్లు పోసుకునే ఫొటోలుండాయి. అవి మన ఇంట్లో వాళ్లకే. అందుకే తాళం. మీకు పాటలు కావాలంటే ఫోనెత్తుకోని జేజి దగ్గరికి పోండి. చాట పక్కన పెట్టి వేలిచ్చేదాకా ఆగండి” అన్నాను.