చెవి మేస్త్రి

పడవల కార్ఖానాలో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. కోట్లు పలికే మోటారు పడవల్లో తోలు సీట్లూ, అద్దంలా మెరిసే చెక్కపనీ ఆయన కంటికి ఆనవు. "పైమెరుగులు మనుషులు చూస్తారు. నీళ్లు మాత్రం అడుగునే చూస్తాయి" అంటాడు. పడవ కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, చిన్న చెక్క సుత్తితో బెత్తెడు ఎడంలో కొట్టుకుంటూ పోతాడు. ఫైబర్ పొరలు బాగా అతుక్కుంటే ఖంగుమంటుంది. మధ్యలో గాలి చిక్కితే డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన చోటల్లా సుద్దతో సున్నా చుడతాడు. ముప్పై ఏళ్లలో ఒక్క సున్నా అయినా పడని పడవ లేదు.

ఇవాళ పడవ కొనే ఆయన ఇద్దరాడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు. "ఇంత డబ్బు పోస్తున్నాం, గట్టిదేనా అండీ?" అనడిగాడు. మేస్త్రి ఈ కొస నుంచి ఆ కొస దాకా కొట్టాడు. ఒక్క సున్నా పడలేదు. కార్ఖానా యజమాని ముఖం వెలిగిపోయింది, మేస్త్రికి ముచ్చెమటలు పోశాయి. నెల్లాళ్లుగా చెవిలో తుమ్మెద రొద. ఇంటావిడకి కూడా చెప్పలేదు. పక్కనున్న ఖాళీ చెక్కపెట్టెని కొట్టి చూశాడు. అదీ పడవలాగే ఖంగుమంది.

"సంతకం పెట్టు మేస్త్రీ" అన్నాడు యజమాని.

"పెట్టను బాబూ. పిల్లల్ని ఎక్కించకండి. తేడా ఉంది."

"ఒక్క సున్నా చుట్టలేదు, తేడా ఎక్కడయ్యా?"

మేస్త్రి సుత్తి కింద పెట్టి, కుడిచెవి మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇక్కడ."