డాలు పట్టిన చేతికి ఒక మంత్రం

ఆ టైలరింగ్ షాపులో కత్తెర నడుస్తున్నంతసేపు ఎవరూ నోరు విప్పరు. ఫోన్ మోగినా తీయరు. గిరాకీ వస్తే చేత్తోనే సైగ చేసి కూర్చోబెడతారు. తెగిన గుడ్డను బ్రహ్మదేవుడు కూడా అతికించలేడని మాస్టర్ అంటాడు.

కత్తెర మాస్టర్‌ది. మిషన్లు ఇద్దరు మగవాళ్లవి. మూల స్టూలు మీద కూర్చునే ఆమెది సూది. కాజాలు, గుండీలు, అంచు మడతలు ఆమె పని. అందుకే అందరికీ ఆమె కాజాలక్క. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు.

పిన్ని వెంట మొదటిసారి ఆ షాపు మెట్లెక్కిన రోజుకు ఆమెకింకా రెండు జడలే. పిన్నీ కాజాలే కుట్టేది, చూపు ఆనని రోజు వచ్చేదాకా అవే కుట్టింది. కాజాలక్కకు మాత్రం మొదటిరోజు నుంచీ ఒకటే కోరిక. ఒక నిండు గుడ్డను బల్ల మీద పరిచి, గీత గీసి, తన చేత్తో కత్తిరించాలి. మేకుకు వేలాడే పెద్ద కత్తెరను చూసినప్పుడల్లా ఆమె బొటనవేలు దానంతటదే కదిలేది. అడగడానికి నోరు రాలేదు. "సూది పట్టే చెయ్యి వేరు, కత్తెర పట్టే చెయ్యి వేరు" అని మాస్టర్ ఎవరితోనో అంటే విని, అది తనకే అన్నట్టు గుండెలో దాచుకుంది.

షాపులోకి ఆట తెచ్చింది మాస్టర్ కూతురు బుజ్జి. కాలేజీలో నేర్చుకుందట. సెలవు రోజు మధ్యాహ్నం షట్టరు సగం దించి, కటింగ్ బల్ల మీద సుద్దతో గుహలూ వంతెనలూ గీసేది. గుండీలే మనుషులు. కథ బుజ్జి చెబుతుంది. తక్కినవాళ్లు తలా ఒక పాత్రయి, ఏం చేస్తారో చెప్పాలి. జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒక్కో పాత్రకు బలానికింత, తెలివికింత అని అంకెలుంటాయి, గెలిచేకొద్దీ మెట్లెక్కి అవి పెంచుకోవచ్చు. మాస్టర్ ముసలి మాంత్రికుడు. పక్క షాపు కరెంటు బాబాయ్ దొంగ. "బతుకంతా నీతిగా బతికి ఏం బావుకున్నాం, ఇక్కడైనా దోచుకుందాం" అని ఏరికోరి తీసుకున్నాడు. మూడో మనిషి లేక కాజాలక్కను కూర్చోబెట్టారు. అందరికంటే ముందు నిలబడి, డాలుతో దెబ్బలు కాచే యోధురాలి పాత్ర ఆమెకు మిగిలింది. నల్లకోటు గుండీ ఆమెది.

వారాల తరబడి ఆమె దెబ్బలు కాసింది. గుహలో మాంత్రికుడు వేలికొసన దీపం వెలిగించినప్పుడల్లా ఆమె చేతిలో పాచిక మరిచిపోయేది. ఒకరోజు తల ఎత్తకుండానే అడిగింది. "యోధులు మంత్రం నేర్చుకోకూడదా, బుజ్జీ?"

"భేషుగ్గా నేర్చుకోవచ్చక్కా, రెండు విద్యలూ కలుపుకోవచ్చు. కానీ తెలివి పదమూడుండాలి. నీకు పన్నెండే."

"ఒక్కటేగా తల్లీ, పాస్ చేసెయ్," అన్నాడు బాబాయ్.

"కుదరదు బాబాయ్. నాలుగో మెట్టెక్కితే రెండు పాయింట్లొస్తాయి, అవి తెలివిలో వేసుకోవాలి. ఇంకోటి, మంత్రం వచ్చినవాళ్లు నేర్పుతానని నోటితో అనాలి. అన్నవాళ్లకి ఒక మంత్రం తగ్గిపోతుంది. నేర్చుకునేవాళ్లు మళ్లీ మొదటి మెట్టు నుంచే."

మాస్టర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "రెండు పడవల మీద కాళ్లెందుకమ్మా? ఆ పాయింట్లు బలంలో వేసుకో. నువ్వు డాలు దించితే మమ్మల్నెవరు కాస్తారు?"

ఆమె తలూపింది. సరే అని మాత్రం అనలేదు.

ఏటి ఒడ్డు గుహలో రాక్షసుణ్ణి పడగొట్టిన రోజున ఆమె నాలుగో మెట్టెక్కింది. అప్పటికే పొద్దు వాలింది. నేర్పే సంగతి వచ్చేవారం చూద్దామన్నాడు మాస్టర్. ఆ హడావుడిలో బల్ల తుడవడం ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు ఆ బల్ల మీదే మాస్టర్ బూడిదరంగు సూటు గుడ్డ పరిచాడు. ముందు భాగాలు కోసి, వెనక భాగం కోసం గుడ్డను తిరగేశాడు. బల్ల మీది సుద్ద గుడ్డకు అంటుకుని ఉంది. తన గీత కూడా గీసుకుని కత్తెర నడిపించాడు. కాజాలక్క మూల నుంచి చూస్తూనే ఉంది. ఈమధ్య సూదిలో దారం ఎక్కించమని మాస్టర్ తనకే ఎందుకిస్తున్నాడో ఆమెకొక్కదానికే తెలుసు. కత్తెర భుజం దాటింది, చంక దగ్గరికొచ్చింది, అక్కడ పక్క గీతలోకి మళ్లింది. ఆ వంపు ఆమెకు తెలుసు. నిన్న నల్లగుండీ దెబ్బ తిన్నది అక్కడే.

"ఆగండి మాస్టర్! అది చంక కాదు, గుహ!"

కత్తెర ఆగింది. మిషన్లూ ఆగాయి. "గుహేంటి?" అని ఒకతను కిసుక్కున నవ్వాడు. మాస్టర్ ముఖం గుడ్డకు ఆనించి చూశాడు. గోరంత తెగింది, కుట్టులో కలిసిపోతుంది. కత్తెర మేకుకు తగిలించి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. కత్తెర నడుస్తుంటే నోరు విప్పిన మొదటి మనిషి తనే. ఆ రోజు ఆమె కుట్టిన కాజాలన్నీ వంకరపోతే, విప్పి మళ్లీ కుట్టింది.

వారం తిరిగి ఆట మొదలైంది.

"అక్కా, రెండు పాయింట్లు ఎందులో వేస్తావ్?"

"తెలివిలో."

"పద్నాలుగు! మాంత్రికుడుగారూ, నేర్పుతారా?"

"ఒక మంత్రం పోతుంది మాస్టర్, చూసుకో," అన్నాడు బాబాయ్.

మాస్టర్ తన గుండీని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "ఎందుకమ్మా నీకు మంత్రం?"

"మీరు వెనక నిలబడి దీపం వెలిగిస్తారు. నా నీడ నాకే అడ్డం పడుతుంది." నల్లగుండీని సుద్దగీత మీదికి జరుపుతూ అంది. "చాన్నాళ్లుగా అడుగుదామనుకుంటున్నాను."

"ఎన్నాళ్లుగా?"

"రెండు జడలప్పట్నించి."

బాబాయ్ పకపకా నవ్వాడు. "నీ యోధురాలికి జడలు కూడా ఉన్నాయా అక్కా!"

మాస్టర్ నవ్వలేదు. ఆమె వేళ్ల వంక చూశాడు. సూది పోట్లతో గరుకుతేలిన వేళ్లు. తన గుండీని బల్ల మీద పెట్టి, "నేర్పుతాను" అన్నాడు.

మర్నాడు ఉదయం షాపు తెరిచేసరికి పెద్ద కత్తెర ఎప్పట్లాగే మేకుకు ఉంది. ఆమె ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, సూది తీసుకుంది. ఆట ఆటే అనుకుంది. మధ్యాహ్నం కావస్తుండగా మాస్టర్ ఆమె ముందు పాత పేపర్లు కొన్ని, సుద్ద, ఒక చిన్న కత్తెర పెట్టాడు. అంచులు మొద్దుబారిన కత్తెర.

"కాగితం తగిలితే పెద్దది పాడవుతుంది. సుద్దతో గీసుకో, దీంతోనే కోసుకో. చంక వంపు చేతికొచ్చేదాకా."

"పెద్దది ఎప్పుడిస్తారు మాస్టర్?" తన నోరేనా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

"మొదటి మెట్టు నుంచే అని బుజ్జి చెప్పలేదూ?"

ఆమె గీసింది. వంపు దగ్గర కాగితం నలిగింది, చిరిగింది. మరొకటి తీసుకుంది. మిషన్ల దగ్గర ఇద్దరూ జీతాల మాటలో పడ్డారు. మాస్టర్ వాళ్ల వైపు చెయ్యెత్తాడు.

"ష్. కత్తెర నడుస్తోంది."

షాపంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో మేకు వైపు చూడాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. చూస్తే చెయ్యి తప్పుతుందని గీత మీదే కళ్లు నిలిపింది.